ఇవాళ మన అరాలి లేట్

పొగమంచు ఇంకా కొండల మీంచి దిగలేదు. కబన్యోరో స్టూడియో తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి రెండో కుర్చీ ఖాళీగా ఉంది. తడిసిన స్వెటర్ విప్పి కుర్చీ వీపుకి తగిలించి, గోడ గడియారం వైపు చూసింది. బుసింగె ఎప్పుడూ ఆమెకంటే ముందే వచ్చేవాడు. మైకులు సరిచూసి, ఫ్లాస్కులోంచి రెండు కప్పుల్లో చాయ్ పోసి, ఆమె కప్పు చల్లారకుండా మీద సాసర్ బోర్లించి ఉంచేవాడు. ఇవాళ ఫ్లాస్కే లేదు.

ఫోర్ట్ పోర్టల్ ఊళ్ళో ఎన్సోజి ఎఫ్‌ఎం పొద్దుటి కార్యక్రమం వాళ్ళిద్దరిదీ. ఆరేళ్ళుగా వాళ్ళ గొంతుల మీదే ఊరు నిద్ర లేస్తోంది. ఊరి భాష రుతోరోలో మొదలెట్టిన మాట ఇంగ్లిష్‌లో తేలుతుంది, ఇంగ్లిష్‌లో వేసిన ప్రశ్నకి రుతోరోలో జవాబొస్తుంది. ఎక్కడ ఏ భాష ఆగి ఏది అందుకుందో వాళ్ళకే తెలియదు. టీ తోటల్లో ఆకు కోసేవాళ్ళూ, కాలేజీ పిల్లలూ, బోడాలని అద్దెకి తిప్పే మోటారుసైకిళ్ళ వాళ్ళూ అందరూ వినేది అందుకే. ఆ ప్రాంతంలో మనుషుల్ని ఉత్త పేరు పెట్టి పిలవడం మోటుతనం. ప్రతివాళ్ళకీ ఒక ముద్దుపేరు ఉంటుంది, ఆ పేరుతోనే పలకరించాలి. అందుకని రేడియోలో ఆమె అద్యేరి, అతను అరాలి. వాళ్ళ అసలు పేర్లు చాలామంది శ్రోతలకి తెలియవు కూడా.

ఫోన్ చేసింది. స్విచ్‌ఆఫ్. మళ్ళీ చేసింది. అదే.

"బాగుంది," అనుకుంది పైకే. ప్రసారం మొదలైనట్టు ఎర్ర దీపం వెలిగింది.

పాటలతో కొంతసేపు నెట్టింది. వాతావరణం చెప్పింది. అతను చదవాల్సిన బజారు ధరలు కూడా తనే చదివింది. చదువుతూ చదువుతూ మండిపోయింది. ఒక్క ముక్క చెప్పి చావొచ్చు కదా! ఆ మంట మీదే మైకు దగ్గరికి వంగి, ఎప్పటిలా నవ్వు కలిపి అంది:

"వింటున్నారా? ఇవాళ స్టూడియోలో నేనొక్కదాన్నే. ఏం చెయ్యను, మన అరాలి లేట్. ఆయన లేకుండా ఎలాగో నెట్టుకురావాలి మరి. ఆయన కోసం అందరూ కాస్త ప్రార్థన చెయ్యండి."

అని బటన్ నొక్కింది. ఆ తర్వాత వచ్చేది మరణవార్తల సమయం. చర్చి గాయకబృందం ఆలపించే దిగులు పాట నెమ్మదిగా ఊరంతా పరుచుకుంది. రోజూ వచ్చే పాటే కాబట్టి ఆమె చెవికి ఎక్కనైనా ఎక్కలేదు. ముగ్గురి పేర్లు చదివింది. లేట్ ఫలానా, ఫలానా పల్లె, ఖననం ఫలానా రోజు. చదవడం అయ్యాక శ్రోతల ఫోన్లకి లైన్లు తెరిచింది.

మొదట ఒక ఆడమనిషి. "అద్యేరీ," అంది, గొంతు బొంగురుగా ఉంది. "ధైర్యం తెచ్చుకో తల్లీ."

కబన్యోరో నవ్వేసింది. "ధైర్యానికేం అక్కా, ఆయనతో వేగి వేగి ఎప్పుడో వచ్చింది!"

అవతల, "పాపం, దుఃఖంలో ఏం మాట్లాడుతోందో దానికే తెలీడం లేదు," అని ఆ మనిషి పక్కనెవరితోనో అనడం వినబడి లైను తెగిపోయింది.

రెండో పిలుపు ఒక పెద్దాయనది. "ఎక్కడ జరిగిందమ్మా?"

"ఏంటి జరిగింది?"

"అదే... మన అరాలికి."

"ఎక్కడో మొద్దునిద్ర పోతుంటాడు, ఇంకేం జరుగుతుంది!"

"అవునమ్మా," అన్నాడాయన గద్గదంగా. "నిద్రే. అందరం పోవాల్సిన నిద్రే."

ఇదేదో తేడాగా ఉందనిపించింది కబన్యోరోకి. మూడో లైను ఎత్తేలోపు, అవతలివాడు గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. అతను బోడా నడుపుతాడట. ఎంపాంగా వంతెన దగ్గర సిమెంటు లారీ కింద మోటారుసైకిలు నలిగిపోయిందట, చొక్కా చూసి అరాలి అని గుర్తుపట్టారట, ఆస్పత్రికి తీసుకెళ్ళినా లాభం లేకపోయిందట.

"నువ్వు చూశావా?" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడింది.

"నేను చూళ్ళేదు. మా స్టేజీలో అందరూ చెప్పుకుంటున్నారు."

చేతికి దొరికిన పాటల్లోకెల్లా పొడుగు పాట పెట్టి ఆమె కుర్చీలోంచి లేచింది. కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. ఫోన్ చేసింది, స్విచ్‌ఆఫ్. కిటికీ దగ్గరికి వెళ్ళింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ చేసింది.

అప్పుడు తలుపు దడాలున తెరుచుకుని మేనేజరు రుహింద వచ్చాడు. ఒక కాలికి బూటు, రెండో కాలికి రబ్బరు చెప్పు.

"నాకు ముందు చెప్పాలా వద్దా? ఊరంతటికీ చెప్పేసి ఆఖర్న నాకా? స్పాన్సర్లు ఫోన్లు చేసి సంతాపం చెబుతుంటే గొర్రెలా నిలబడ్డాను!"

"బాస్, నేనేం చెప్పలేదు. అరాలి లేట్ అన్నాను, అంతే."

"అదే కదమ్మా, నేనూ విన్నాను. లేట్ అన్నావు, ప్రార్థన చెయ్యమన్నావు, చావుపాట వేశావు. ఇంకేం మిగిలింది చెప్పడానికి?"

తన మాటలు ఒకటొకటీ మనసులో తిరిగి పలికాయి, ఈసారి ఊరివాళ్ళ చెవులతో. చేత్తో నోరు మూసుకుంది.

"పనికి లేట్, బాస్. ఇంకా రాలేదు అని!"

రుహింద ఆమెకేసి చూశాడు, ఖాళీ కుర్చీకేసి చూశాడు. బూటు లేని కాలు ఎత్తి పిక్క గోక్కున్నాడు. "అయితే బతికే ఉన్నాడు కదా? ఆ మాటే చెప్పెయ్. ఇప్పుడే చెప్పెయ్."

ఆమె మైకు ముందు కూర్చుంది. పాట అయిపోవస్తోంది. అరాలి బతికే ఉన్నాడు అని చెప్పడానికి ఊపిరి తీసుకుంది. కానీ ఆగిపోయింది. అతను ఎక్కడున్నాడో ఆమెకేం తెలుసు? ఆరేళ్ళలో ఒక్కరోజైనా చెప్పకుండా మానినవాడు కాదు. ఫోన్ పలకడం లేదు. ఆ లారీ తన మాటలోంచే పుట్టిందా, నిజంగా వంతెన మీదికి వచ్చిందా? తనేదో అంది, ఊరు దానికి రక్తమాంసాలు పెట్టి తిరిగి తనకే అప్పజెప్పింది. ఇప్పుడది అబద్ధమని తేల్చి చెప్పే ఆధారం తన దగ్గరే లేదు.

"అరాలి సంగతి మాకింకా తెలియదు," అంది చివరికి. "చెప్పేవరకూ ఎవరూ ఏదీ నమ్మకండి." ఆ మాట ఊరిని ఇంకా భయపెట్టిందని తర్వాత తెలిసింది.

రుహింద ఆస్పత్రికీ పోలీసులకీ ఫోన్ చేస్తానన్నాడు. కబన్యోరో స్వెటర్ కూడా తీసుకోకుండా బయటపడి, కనబడిన బోడా ఎక్కి కరంబి వైపు పోనిమ్మంది. బుసింగె తల్లి ఉండేది అక్కడే.

దారి పొడుగునా బోడా వాడు ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. "చావింటికా అక్కా? ఇప్పటికి నలుగుర్ని దింపాను. బంగారంలాంటి మనిషి. లారీవాడు పారిపోయాట్ట."

"అదంతా ఉత్తదయ్యా. ఊరుకుని ముందు చూసి నడుపు."

బండి ఒక్కసారి తూలింది. అతను సగం వెనక్కి తిరిగి, "ఈ గొంతు... అద్యేరీ, నువ్వేనా?" అన్నాడు. ఆ తర్వాత ఇంటిదాకా మెల్లగా నడిపాడు. దిగాక డబ్బులు కూడా తీసుకోనన్నాడు. అది ఆమెకి ఇంకా కష్టంగా తోచింది.

వాకిట్లో అప్పుడే చావింటి మంట వేశారు. మగవాళ్ళు పొరుగిళ్ళ నుంచి బెంచీలు మోసుకొస్తున్నారు. ఇంటి వెనక ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని మటోకె అరటికాయలు చెక్కు తీస్తున్నారు. ఎవరో కట్టెల మోపు ధబ్‌మని పడేశారు. లోపల చాప మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది బుసింగె తల్లి అమూతి. ఏడవడం లేదు. తలగుడ్డ జారిపోయినా సర్దుకోలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కబన్యోరోని చూసి జరిగి చోటిచ్చారు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఆ ముసలి చేతులు పట్టుకుంది. "అమూతీ, నేను అన్నది అది కాదు. పనికి ఇంకా రాలేదని అన్నాను. ఆలస్యమైందని."

"లేట్ అన్నావు."

"అన్నాను. ఇంగ్లిష్‌లో దానికి ఆలస్యమని కూడా అర్థం."

"అవునా?" ముసలావిడ ఆమె మొహంలోకి చూసింది. "నాకెవరు చెప్పారు ఆ సంగతి? నేను బడికి పోయానా? నాకు వచ్చిన ఇంగ్లిష్ నీ నోటి నుంచి వచ్చిందే తల్లీ. రోజూ పొద్దున్నే నువ్వు చదువుతావు, లేట్ ఫలానా, లేట్ ఫలానా. మా చెల్లెలు పోయినప్పుడు కూడా నువ్వే చదివావు. పోయినవాళ్ళ పేరు పక్కన పెట్టే మాట అనే నేర్చుకున్నాను." ఆమె వైపు వంగి అడిగింది. "మరి నా కొడుకు ఎక్కడున్నాడు?"

కబన్యోరో ముసలావిడ చేతులు వదల్లేదు. బయట బెంచీలు జరుపుతున్న చప్పుడు ఒకటొకటీ గుండెకి తగులుతోంది. రుహింద ఫోన్ చేశాడు. ఆస్పత్రిలో లేడు, పోలీసుల దగ్గర కబురు లేదు. లేకపోతే ఎక్కడున్నట్టు? లేచి వాకిట్లోకి వెళ్ళింది, మళ్ళీ లోపలికి వచ్చింది. కూర్చోలేకపోయింది. వంతెన దాకా వెళ్ళి చూసొద్దామనుకుంది. నిజంగానే ఏమైనా కనబడితేనో అని ఆగిపోయింది.

అంతలో వాకిట్లో పెద్ద గోల. బుసింగె మేనమామ ఫోన్‌ని చెయ్యి కాలినట్టు గడ్డిలోకి విసిరేసి వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు.

"వాడే! వాడి గొంతే! మామా అన్నాడు!"

"తాగావా పొద్దున్నే?" అని భార్య గదమాయించింది.

"నువ్వెత్తు మరి! నువ్వెత్తు!"

ఎవరూ కదల్లేదు. గడ్డిలోంచి ఫోన్ "హలో, హలో" అంటోంది. కబన్యోరో వంగి తీసింది.

"ఎవరు?"

"అద్యేరీ," అన్నాడు బుసింగె. "నువ్వక్కడేం చేస్తున్నావు?"

ఆమె అక్కడే బురదలో చతికిలబడింది. మూగిన జనానికి తలెత్తి "బతికే ఉన్నాడు" అని మూడుసార్లు చెప్పింది. లోపల్నించి ఒక కేక వినబడింది. చావు కబురు విన్నప్పుడు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది అమూతికి.

"ఎక్కడున్నావు?" కబన్యోరో కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

"క్యెంజోజోలో. బస్సులో రేడియో పెట్టారు. పక్కనున్నావిడ నా చావు విని శిలువ గీసుకుంది. టోపీ మొహం మీదికి లాక్కుని కూర్చున్నాను."

"క్యెంజోజోలో నీకేం పని?"

అతను మాట దాటేసి అమ్మ ఎలా ఉందని అడిగాడు. కబన్యోరోకి అర్థమైంది. క్యెంజోజో రాజధాని కంపాలా దారిలో ఉంది. ఆ దారిన తెల్లవారుజామున ఫోన్ కట్టేసుకుని పోయే మనిషి చుట్టపుచూపుకి పోడు. కంపాలాలో ఒక పెద్ద స్టేషన్‌వాళ్ళు ఇంగ్లిష్‌లో వార్తలు చదివే గొంతు కోసం వెతుకుతున్నారని ఇద్దరూ కలిసే విన్నారు. కలిసే నవ్వారు కూడా. మనకెందుకులే అని మొదట అన్నది అతనే.

అతను వచ్చేసరికి ఎండ కాసింది. కోటు భుజాన వేసుకుని, బూట్లకి బురదతో, తన చావుకొచ్చిన జనం మధ్యలోంచి తల వంచుకుని నడిచాడు. కొందరు తాకి చూశారు. కొందరు నవ్వారు. ఒక ముసలాయన మాత్రం చిరాకు పడ్డాడు, బెంచీ అనవసరంగా మోశానని. అమూతి గుమ్మంలో నిలబడి ఉంది. కొడుకు దగ్గరికి రాగానే చెంప మీద ఒక్కటి కొట్టి, అదే చేత్తో మెడ పట్టుకుని దగ్గరికి లాక్కుంది. చాలాసేపు వదల్లేదు.

తర్వాత లోపలి గదిలో ముగ్గురే మిగిలారు. ముసలావిడ చాప మీద, వీళ్ళిద్దరూ నిలబడి.

బుసింగె ఇంగ్లిష్‌లో మొదలుపెట్టాడు. అది అతని కోపం భాష. ఇంటర్వ్యూ పోయిందన్నాడు. ఆమె నిర్లక్ష్యం వల్ల అతని కెరీర్ పోయిందన్నాడు. మైకు ముందు కూర్చున్నవాళ్ళకి ప్రతి మాటా బాధ్యతే, ప్రొఫెషనల్‌గా ఉండాలన్నాడు. ఆమె కూడా ఇంగ్లిష్‌లోనే తిప్పికొట్టింది. ఫోన్ కట్టేసుకుని దొంగలా పోవడం ప్రొఫెషనలా అంది. అతను, ఇట్ వాజ్ పర్సనల్ అన్నాడు. ఆమె, పర్సనల్ మై ఫుట్ అంది. మాటలు గచ్చు మీద పింగాణీ పెంకుల్లా పడుతున్నాయి. ఇద్దరూ వాటిని తొక్కకుండా దూరదూరంగా నిలబడ్డారు.

"ఆపండి," అంది అమూతి. "నా ఇంట్లో, నా కొడుకు చావు గురించి, నాకు తెలీకుండా పోట్లాడుకుంటారేం? అంతా మళ్ళీ చెప్పండి. నాకు తెలిసేలా."

ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"అదేం లేదమ్మా..." అన్నాడు బుసింగె.

"ఉంది. ఆ పర్సనలేదో ఉంది. అదేంటి?"

బుసింగె భుజం మీది కోటు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ ఇంట్లో, తల్లి ముందు, మనిషిని ముద్దుపేరుతో పిలవకుండా మాట మొదలెట్టడం కుదరదు. అందులోనే కష్టమంతా ఉంది. "అద్యేరీ," అన్నాడు. అక్కడే గొంతు తగ్గిపోయింది. "నీకు చెబితే వెళ్ళొద్దంటావు. నువ్వు వద్దంటే నేను వెళ్ళలేను. అందుకే చెప్పలేదు."

కబన్యోరో గోడకి ఆనుకుంది.

"నాకు నలభై దగ్గర పడుతోంది," అన్నాడు అతను. "ఇక్కడే ఉంటే ఇంకో ఇరవయ్యేళ్ళు బజారు ధరలూ చావు కబుర్లూ చదువుతాను. మనం మాట్లాడేది ఈ కొండలు దాటితే ఎవరికీ అక్కర్లేదు. అటో ఇటో ఒక భాష పూర్తిగా వచ్చని చూపించుకోవాలనిపించింది. రెండూ సగం సగం వచ్చినవాడిలా చూస్తారు అందరూ."

"నువ్వు చెప్పు," అంది అమూతి ఆమెతో.

ఇంగ్లిష్‌లో అయితే నమ్మకద్రోహమన్న మాట నాలుక మీద సిద్ధంగా ఉంది. రుతోరోలో అంత పెద్ద మాట ఆ చిన్న గదిలో పట్టలేదు. "అరాలీ," అంది, "ఒక్కదాన్నే కూర్చుంటే నాకు భయమేసింది. అంతే. నువ్వు వెళ్ళినా ఫరవాలేదు. కానీ నీకేమైందో తెలియకుండా నీ గురించి నేను మైకులో మాట్లాడాల్సి వచ్చింది. అలాంటి పొద్దు మళ్ళీ నాకొద్దు." తర్వాత ముసలావిడ వైపు తిరిగి, "నన్ను క్షమించు అమూతీ. నీ చెవిన పడేదేమిటో ఆలోచించకుండా మాట్లాడాను," అంది.

ముసలావిడ క్షమించానని గానీ లేదని గానీ అనలేదు. మటోకె ఉడికిపోయి ఉంటుంది, ఇంతమంది వచ్చారు, తినకుండా ఎవరూ పోకూడదంది. లేచి తలగుడ్డ సర్దుకుంది. చావుకని వండిన ఆ మటోకెని అందరూ ఎండలో కూర్చుని చిక్కుడుగింజల కూరతో తిన్నారు. మేనమామ ఆ ఫోన్ కథ ఎన్నిసార్లు చెప్పాడో! చెప్పిన ప్రతిసారీ తను ఇంకాస్త ధైర్యంగా ఉన్నాడు.

మర్నాడు కబన్యోరో రేడియోలో క్షమాపణ చెప్పింది. రుహింద కొత్త నియమం పెట్టాడు: ఒక గంట అచ్చంగా ఇంగ్లిష్, ఒక గంట అచ్చంగా రుతోరో, రెండూ కలిపితే జీతంలో కోత. ఆ వారమంతా ఆమె మైకు ముందు కుంటింది. రుతోరో గంటలో కరెంటు బిల్లుల గురించి చెప్పబోయి వాక్యం మధ్యలో నిలిచిపోయేది. ఇంగ్లిష్ గంటలో ఎవరైనా ముసలివాళ్ళు ఫోన్ చేస్తే, పలకరించడానికి కూడా నోరు రాక పాట వేసేసేది. శ్రోతలు ట్రాన్స్‌మిటర్ చెడిపోయిందనుకున్నారు. రుహింద ఆ నియమం గురించి మళ్ళీ ఎత్తలేదు, ఎత్తివేశానని కూడా అనలేదు. మరణవార్తల్లో మాత్రం ఇంగ్లిష్ మాట ఒక్కటి కూడా రాకుండా ఆమే చూసుకుంది. అది ఎవరూ చెప్పకుండా ఆమె పెట్టుకున్న నియమం.

కంపాలా వాళ్ళు బుసింగెకి ఇంకో రోజు ఇచ్చారు. ఈసారి చెప్పే వెళ్ళాడు. ఉద్యోగం వచ్చింది.

అతను వెళ్ళిన నెలలో ఒక మధ్యాహ్నం, కబుందైరే బజార్లో ఉల్లిపాయలు కొంటుంటే, సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లోంచి ఆమెకి ఆ గొంతు వినబడింది. చేతిలో సంచీతో వెళ్ళి కొట్టు ముందు నిలబడింది. పార్లమెంటు, డాలరు ధర, కెన్యాలో వరదలు. నున్నటి ఇంగ్లిష్, ఎక్కడా కొస మిగలకుండా కత్తిరించినట్టుంది. గొంతు అతనిదే, మనిషి మాత్రం దూరంగా ఉన్నాడు. ఆమె ఎదురుచూసింది. ఎక్కడో ఒకచోట జారకపోతాడా, ఊపిరి తీసుకునేటప్పుడైనా, ఊరి పేరు పలికేటప్పుడైనా, ఇంటి మాట ఒక్కటి దొర్లకపోతుందా అని. దొర్లలేదు. ఒక్కటి కూడా. ఆమెకి గర్వంగా ఉంది. ఉల్లిపాయల సంచీ చెయ్యి మార్చుకుని ఇంకా నిలబడే ఉంది.

"ఏం కావాలక్కా?" అడిగాడు కొట్టువాడు.

"ఏం లేదు. వింటున్నాను."

"ఇదా? ఇందులో ఏముంది వినడానికి," అంటూ అతను చెయ్యి చాచి ఫుట్‌బాల్ కామెంటరీకి తిప్పేశాడు.